దయ్యాల మేడ వెనక దారి

“ఇది పోలీసు దర్యాప్తు, మేడమ్. పిక్నిక్ కాదు.”

సబ్ ఇన్‌స్పెక్టర్ సౌరభ్ పార్కు గేటుకి అడ్డంగా నిలబడి అన్నాడు. గేటు మీద నవ్వుతున్న ఏనుగు బొమ్మ ఒకటుంది. ఇద్దర్లో ఏనుగే కాస్త మర్యాదగా కనబడింది.

“పిక్నిక్ అయితే పులిహోర తెచ్చుకునేదాన్ని కదా దరోగా గారూ,” అని పక్కనున్న రత్నాన్ని చూపించాను. “ఈవిడ భర్తని మీరు రాత్రి లాకప్‌లో వేశారు. సాయంత్రం కోర్టులో పెడతామంటున్నారు. ఈలోగా ఒక్కసారి ఆ చోటు చూడనివ్వండి.”

“చూసి ఏం చేస్తారు? పెళ్లికొడుకు సిగరెట్ తాగుతాడా లేదా అని కనుక్కోవడం కదా మీ వృత్తి?”

అది నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. సీతారాండేరాలో ‘ఉజ్వల డిటెక్టివ్ సర్వీస్’ అని నేను బోర్డు పెట్టిన నాటినుంచీ వచ్చిన కేసుల్లో ముప్పాతిక వంతు పెళ్లి సంబంధాల వాకబులే.

“పెళ్లికొడుకుని పట్టుకోవడమే కష్టం దరోగా గారూ. వెనకేసుకురావడానికి వాళ్లమ్మ ఉంటుంది. నేరస్థుడికి ఆ సదుపాయం లేదు.”

మా ఇద్దరి మాటలూ హిందీలోనే. జంషెడ్‌పూర్‌లో బజారులో, పనిలో, పోలీసు స్టేషన్లో అంతా హిందీయే. తెలుగు మాకు ఇంటి మాట. పదిమందిలో ఉండి గుట్టుగా ఏదైనా చెప్పుకోవాలంటే మాకు తెలుగే తాళం వేసిన బీరువా.

సంగతి ఇది. నిన్న విశ్వకర్మ పూజ. ఈ ఊళ్లో ఆ రోజు యంత్రం తిరగదు. పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టి, సిందూరం పూసి, ఎర్రదారం కడతారు. మర్నాడు పొద్దున్న దాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. కార్ఖానాల వాళ్లు పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లి తాము పని చేసే చోటు చూపించేదీ ఆ రోజే. ఆ ఆనవాయితీ చూసి, బిర్సానగర్ అవతల ఉన్న ఈ రంగ్‌మేళా పార్కు వాళ్లు కూడా జనానికి ‘తెర వెనక టూర్’ అని పెట్టారు. దయ్యాలు ఎలా నవ్వుతాయో, చక్రం ఎలా తిరుగుతుందో వెనకనుంచి చూపిస్తారన్నమాట.

నిన్న ఆ టూరు నడిపించిన గైడు స్మిత భాలుబాసా పేట పిల్ల, మా తెలుగమ్మాయే. గుంపుని దయ్యాల మేడ వెనకున్న ఇనప నడవ మీదికి తీసుకెళ్లింది. కాలి కింద పలక ఊడిపోయి, ఇంటి కప్పంత లోతు గోతిలో పడింది. పలకకుండాల్సిన బోల్టులు ఎవరో విప్పేశారు. పిల్ల పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. పార్కులో ఫిట్టరు కూర్మారావుని పోలీసులు రాత్రికి రాత్రే తీసుకుపోయారు. అతని భార్య రత్నం తెల్లవారకుండానే నా తలుపు కొట్టింది.

“అతని మీద మీకున్నదేమిటి?” అని అడిగాను.

సౌరభ్ వేళ్లు మడిచాడు. “బోల్టులు విప్పడం ఫిట్టరు పని. పొద్దున్న పనివాళ్లు ఆ నడవ మీద నడిచి మోటారుకి దండ వేసి వచ్చారు, అప్పటికి పలక గట్టిగానే ఉంది. తర్వాత అందరూ పూజలో కూర్చున్నారు. కూర్మారావు ఒక్కడే రాలేదు. మొన్న క్యాంటీన్‌లో ఆ అమ్మాయితో గట్టిగా పోట్లాడాడు. చూసినవాళ్లు ఉన్నారు.”

“ఏమని పోట్లాడాడు?”

“ఎవరికి తెలుసు? తెలుగులో పోట్లాడాడు.”

నాకు నవ్వాగలేదు. శ్రీకాకుళం వైపు మనుషులు ఉప్పు అడిగినా పక్కవాడికి పోట్లాటలాగే వినిపిస్తుంది. ఆ సంగతి ఈయనకి చెప్పి లాభం లేదు.

“నిన్నటి గుంపుని వాంగ్మూలాలకి పిలిచారుగా,” అన్నాను. “కూర్చోబెట్టి అడిగితే తలో కథా చెబుతారు. నిన్న నడిచినట్టే నడిపించండి. గుర్తులేనివి కూడా గుర్తొస్తాయి.”

సౌరభ్ ఒక్క క్షణం ఆలోచించాడు. మనిషి మొండివాడే కాని మందబుద్ధి కాడు. “సరే. కాని మీరేమీ ముట్టుకోకూడదు,” అని పక్కకి తప్పుకున్నాడు.

టూరు మొదలయ్యేలోగా మేనేజరుని కలవాలన్నాను. మేనేజరు జయప్రకాష్‌ని అందరూ జేపీ బాబు అంటారు. బీహార్‌లోని ఛప్రా నుంచి వచ్చాడని, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదని రత్నం దారిలో చెప్పింది. నలభై దాటిన మనిషి, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి గొంతు. గదిలో మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి చేతులు జోడించాడు.

“కూర్మారావు మంచి పనివాడు. ఇలా చేస్తాడనుకోలేదు,” అన్నాడు హిందీలో.

“చేశాడని మీరూ నమ్ముతున్నారా?”

“నమ్మడానికి నేనెవర్ని? పోలీసువారు చెబుతున్నారు.”

“పెద్ద చక్రం మాటేమిటి జేపీ బాబూ? దాని ఇరుసు ఎలా ఉంది?”

ఈ ప్రశ్నకి కారణం ఉంది. ఆటోలో వస్తుండగా రత్నం నాకు అసలు గుట్టు చెప్పింది. పార్కులో జెయింట్ వీలు ఇరుసుకి పగులు వచ్చిందట. దానికి రంగు పూసి తిప్పుతున్నారట. కూర్మారావు కంటబడింది. తనకి భాష చాలదని స్మితకి చెప్పాడు. రేపు తనిఖీకి వచ్చే సర్కారు ఆఫీసరుకి తాను చెబుతానంది ఆ పిల్ల. కంగారు పడకు, ముందు ఫోటో తియ్యనీ అన్నాడు ఇతను. క్యాంటీన్‌లో జరిగిన పోట్లాట అదే. అంటే ఆ పిల్ల నోరు మూతబడితే లాభం పార్కుని నడిపేవాళ్లకే. కాని కూర్మారావు, స్మిత, రోజూ మొగుడికి క్యాంటీన్‌కి క్యారేజీ తెచ్చే రత్నం, ఈ ముగ్గురూ తప్ప నాలుగో మనిషికి ఆ మాట తెలియదు. ఎక్కడ మాట్లాడుకున్నా తెలుగులోనే మాట్లాడుకున్నారు. మేనేజరుకి కారణం ఉంది గాని కబురు అందే దారి లేదు. నాకు కొరుకుడు పడనిది అక్కడే.

“ఇరుసు బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు జేపీ బాబు. “రేపు తనిఖీ కూడా ఉంది. ఎందుకడిగారు?”

“ఊరికే. పిల్లలు ఎక్కుతారుగా.”

రత్నం నా చెయ్యి గోకింది. “ఈడితో ఏటి మాటలమ్మా? నిన్న మద్దేనం నుంచి నాను పచ్చి గంగ ముట్టనేదు. కళ్లు తిరిగిపోతన్నాయి. బేగి ఆ సోటుకి పోదాం.”

“ఉండు వదినా. ఈయన మొహం ఒకసారి చదవనీ,” అన్నాను తెలుగులోనే, మేనేజరు వైపు నవ్వుతూ చూసి. ఆయన కూడా నవ్వి, బల్ల మీది కాగితాల మీద సంతకాలు పెట్టుకోసాగాడు.

అప్పుడే నా ఫోను మోగింది. స్మిత తల్లి పైడితల్లి, ఆసుపత్రి నుంచి. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ముందు అర్థం కాలేదు.

“కళ్లు తెరిచిందా పిన్నీ?” కుర్చీలోంచి సగం లేచాను. “మాటాడిందా? నేదా? సాయంత్రానికి మాటాడొచ్చని డాక్టరు అన్నాడా? సరే, ఇను. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. పోలీసులకీ చెప్పకు. పిల్లని ఏ గదిలో పెట్టారు? మూడో అంతస్తా? కిటికీ పక్క మంచమా? సరే. నాను వచ్చేదాకా నువ్వు పిల్ల దగ్గిరినుంచి కదలకు.”

ఫోను పెట్టేసేసరికి రత్నం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు, తన మొగుడు బయటపడతాడు.

జేపీ బాబు సంతకాలు ఆపి లేచాడు. బీరువాలోంచి నీళ్ల సీసా, బిస్కట్ ప్యాకెట్టు తీసి రత్నం ముందు పెట్టాడు. “ఖాళీ కడుపు మీద నీళ్లు తాగకండి దీదీ. ముందు ఒక బిస్కట్టు తినండి,” అన్నాడు మెల్లగా.

పరవాలేదు, మనిషిలో కాస్త దయ ఉంది అనుకున్నాను.

గైడు లేదు కాబట్టి మేనేజరే గుంపుకి ముందు నడిచాడు. అందరికీ పసుపురంగు హెల్మెట్లు పెట్టారు. నిన్న వచ్చినవాళ్లలో కొందరు కాలేజీ పిల్లలు, ఒక కొత్త జంట, బిష్టుపూర్ నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మిస్ట్రెస్ బోస్ దీదీ. ఈవిడ చేతికర్ర నేలమీద కొట్టుకుంటూ అందరికంటే ముందుంది. పోలీసులు పిలిచారన్న భయం ఏ కోశానా లేదు. నిన్న సగంలో ఆగిపోయిన టూరు ఇవాళ పూర్తవుతుందన్న ఉత్సాహమే కనబడుతోంది.

నిజం చెప్పొద్దూ, నాకూ అదే ఉత్సాహం. దయ్యాల మేడలోకి ముందునుంచి వెళ్లి అరిచినదాన్నే నేనూ. వెనకనుంచి చూస్తే అదో చిన్న కార్ఖానా. అస్థిపంజరం పొట్టలో గాలి గొట్టం ఉంది. శవపేటిక మూత లేపడానికి బస్సు తలుపుకి వాడే గాలి పంపు. గాల్లో తేలే తెల్లచీర పిశాచం జడకి సైకిలు చెయిను.

“ఆ కేక ఎవరిది?” అని బోస్ దీదీ అడిగింది. “నిన్న ఆ అమ్మాయి చెబుతానంది. చెప్పకుండానే పడిపోయింది.”

“క్యాంటీన్ వంటవాడి తుమ్ము,” అన్నాడు జేపీ బాబు. “మిరపకాయలు వేయిస్తుండగా రికార్డు చేసి, నెమ్మదిగా తిప్పాం.”

“అయితే నేను తుమ్ముకి భయపడ్డానన్నమాట!” అని ఆవిడ తనని తానే తిట్టుకుంది. కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. సౌరభ్ కూడా నవ్వబోయి మీసం సవరించుకున్నాడు.

ఇనప మెట్ల దగ్గర జేపీ బాబు ఆగిపోయాడు. “నేను పైకి రాలేను. ఆ చోటు చూడలేను,” అని గొంతు తగ్గించి, మమ్మల్ని సౌరభ్‌కి అప్పగించి వెనక్కి తిరిగాడు. పాపం అనుకున్నాను. ఆ పాపం ఎవరిదో అప్పటికి నాకు తెలియదు.

నడవ ఇద్దరు మనుషుల వెడల్పు ఉంటుంది. రెండు వైపులా కడ్డీలు, కింద జాలీ పలకలు. మధ్యలో ఒక పలక ఒక్క మూల బోల్టుకి వేలాడుతోంది. అక్కడ పోలీసులు తాడు కట్టారు. కింద దయ్యాల బండి పట్టాలు.

“నిన్న ఎవరెలా నిలబడ్డారో అలాగే నిలబడండి,” అన్నాను.

అందరూ సర్దుకున్నారు. బోస్ దీదీ ముందుకొచ్చింది. “ఆ అమ్మాయి ఇక్కడ. మొహం మావైపు, వీపు అటు. వెనక్కి వెనక్కి నడుస్తూ చెబుతోంది.”

“వెనక్కి నడుస్తూనా?”

“గైడులంతా అంతేనమ్మా. గుంపుకి వీపు చూపిస్తే ఎవరు వింటారు? బళ్లో నేనూ అంతే నడిచేదాన్ని.”

సౌరభ్ వైపు చూశాను. “విన్నారుగా. ఎదురుగా చూస్తూ నడిచేవాళ్లకి బోల్టు లేని సంగతి కనబడుతుందేమో గాని, వెనక్కి నడిచే మనిషికి కనబడదు. ముందు కాలు పెట్టేది గైడే. ఇది ఎవరో ఒకరు పడాలని తవ్విన గొయ్యి కాదు. స్మిత పడాలనే చేశారు.”

“నేనూ అదే అంటున్నాను. కూర్మారావుకి ఆమె మీదే కోపం.”

తాడు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మిగిలిన ఆ ఒక్క బోల్టు బిగుసుకుపోయి ఊడిరాలేదు. దాని తల అంచులు కొత్తగా చెక్కుకుపోయి మెరుస్తున్నాయి. విప్పడానికి గట్టిగానే ప్రయత్నించారు. ఆ మూలల్లో ఎర్రగా ఏదో పట్టి ఉంది.

“ముట్టుకోవద్దన్నాను,” అన్నాడు సౌరభ్. “అది తుప్పు. లేకపోతే రెడ్ ఆక్సైడ్ రంగు. ఈ ఊళ్లో ఇనుమంతా ఎర్రగానే ఉంటుంది.”

“ముట్టుకోను. మీరే వాసన చూడండి.”

ఆయన నా మొహంలోకి అనుమానంగా చూసి, చివరికి వంగాడు. వంగి, రెండుసార్లు వాసన పీల్చాడు.

“ఆవనూనె,” అన్నాడు.

“తుప్పు ఆవనూనె వాసన వెయ్యదు కదా? మీ పూజల్లో సిందూరం దేంట్లో కలుపుతారు?”

ఆయన పూజ పందిరి వైపు తల తిప్పాడు. నిన్న పార్కులో ఉన్న ప్రతి పనిముట్టూ దేవుడి ముందుంది. ఫిట్టర్ల బీరువా ఖాళీ. బోల్టు విప్పాలనుకున్నవాడు పందిట్లోంచే పానా తీసుకురావాలి. దానికి అప్పటికే సిందూరం పూసి ఉంది. అదే ఇక్కడ అంటుకుంది.

పందిరి దగ్గరికి వెళ్లాం. పార్కు మూసేయడంతో విగ్రహం నిమజ్జనం కాలేదు, పనిముట్లు ఎత్తలేదు. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ చేతిలో సుత్తి, త్రాసు. ముందర ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు, పానాలు పెద్దా చిన్నా వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన పళ్లెంలో పసుపు, కుంకుమ, బియ్యం. పనిముట్లన్నిటి మీదా నిలువుగా ఒక్కటే సిందూరపు గీత. పంతులు ఆ చివరినుంచి ఈ చివరి దాకా వేలితో గీసుకుంటూ పోయినట్టున్నాడు.

“పూజ జరుగుతుండగా ఇక్కడినుంచి పానా తియ్యడం ఎవరి తరం?” అన్నాను. “అందరి కళ్లూ ఈ బల్ల మీదే ఉంటాయి. కాబట్టి పూజకి రాకపోవడం నేరానికి గుర్తు కాదు. పానా పోయింది హారతి అయ్యాక, జనం ఖిచిడీ ప్రసాదానికి లేచాక. అప్పుడు కూర్మారావు పందిట్లో అడుగు పెడితే ‘ఇప్పటిదాకా ఏమైపోయావయ్యా’ అని పదిమంది పిలిచి ప్రసాదం పెట్టేవాళ్లు. వచ్చాడని ఒక్కరైనా చెప్పారా?”

“లేదు,” అన్నాడు సౌరభ్ అయిష్టంగా.

వరసగా చూసుకుంటూ పోయాను. మధ్యలో ఒక పానా దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. దాని మీద గీత లేదు. గుండ్రటి బొట్టు ఉంది. బొట్టు చుట్టూ, కింద, పసుపు.

ముందు పసుపు రాసి, దానిమీద కుంకుమ బొట్టు. గడపకి, కొత్త బట్టల మూలకి, కొన్న బండికి, రోలుకి మా ఇళ్లల్లో చేసేది అదే. ఉత్త కుంకుమ పెడితే మా అమ్మ చేతిమీద కొట్టేది. వాడుకుని తుడిచేసిన పానా బోసిగా కనబడకూడదని ఎవరో మళ్లీ అలంకరించి పెట్టారు. కంగారులో చెయ్యి తనకి చిన్నప్పటినుంచి తెలిసిన పనే చేసింది.

రత్నం కూడా చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది. నేను నోరు విప్పాలా వద్దా అని తటపటాయిస్తుండగా సౌరభ్ అడిగేశాడు. “ఏమిటది? ఎందుకు ఇద్దరూ అలా చూస్తున్నారు?”

దాచడం నా వల్ల కాలేదు. చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

“శభాష్ మేడమ్! నా కేసు మీరే బిగించారు. ఈ పార్కులో పనిచేసే తెలుగువాళ్లు ఇద్దరే. ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంకొకరు నా లాకప్‌లో ఉన్నారు.”

“మా ఆయన కాదు!” రత్నం అరిచింది, హిందీ మరిచిపోయి. “ఆరు పూజకి ఎందుకు రానేదో మీకు రాత్రే సెప్పినారు. మాకు పురుడు! ఇచ్చాపురంలో మా మరిదికి కొడుకు పుట్టినాడు. పురుడు తీరకుండా దేవుడి సామాను ముట్టుకుంటారా? తన పానాలకి తను దండం ఎట్టుకోనేదని ఆరు పంపుహౌసు ఎనక కూకుని ఏడిసినారు.”

నేను హిందీలో చెప్పాను. సౌరభ్ తల అడ్డంగా ఊపాడు.

“సూతకం మా ఇంట్లోనూ ఉంది మేడమ్, నాకు తెలుసు. మనిషిని చంపబోయేవాడికి మడేమిటి?”

“మడి లేనివాడు దాన్ని తుడిచి ఊరికే పారేసేవాడు. పసుపు రాసి బొట్టు పెట్టేవాడు కాదు. ఆ బొట్టు చూడండి, మగవాడి వేలంత ఉంది. నూనె తడి మీద వేలిముద్ర పడే ఉంటుంది. తీయించి కూర్మారావు వేలితో పోల్చండి. పోల్చకుండా కోర్టుకి తీసుకెళ్తే నేనూ వకీలుని తీసుకుని అక్కడికే వస్తాను.”

ఆయన కోపంగా చూశాడు. అయినా జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, బొట్టు చెదరకుండా పానాని అందులోకి జార్చాడు. ఆ ఒక్క పనికి ఆయన మీద నాకున్న కోపం సగం చల్లారింది.

“హారతి తర్వాత ఇక్కడ ఎవరున్నారు?” అని, నిన్న టూరుకి ముందు పూజలో కూర్చున్న గుంపుని అడిగాను.

“ఎవరూ లేరు,” అంది బోస్ దీదీ. “నేను చివర్న లేచాను, మోకాళ్ల నొప్పి. జేపీ బాబు ఒక్కడే దేవుడి దగ్గర కూర్చుండిపోయాడు. ఖిచిడీ కూడా తినలేదు. ఎంత భక్తో!”

సౌరభ్‌ని పక్కకి పిలిచి ఇరుసు పగులు సంగతి, క్యాంటీన్‌లో తెలుగులో జరిగిన పోట్లాట అసలు కథ చెప్పాను.

“ఆయన ఛప్రా మనిషి,” అన్నాడు సౌరభ్. “పసుపు ముందా, కుంకుమ ముందా ఆయనకేం తెలుసు? పైగా మీరు చెప్పే ఆ ఇరుసు రహస్యం మీవాళ్లు తెలుగులోనే మాట్లాడుకున్నారని మీరే అంటున్నారు. తెలుగు రానివాడికి ఎలా తెలుస్తుంది?”

నాకూ అదే కొరుకుడు పడని ప్రశ్న. కాని ఈసారి ఆయన నోటినుంచి వింటుంటే అందులో ఒక మాట తేడాగా తగిలింది. తెలుగు రానివాడికి.

రత్నం వైపు తిరిగాను. చేతిలో ఇంకా ఆ బిస్కట్ ప్యాకెట్టు ఉంది.

“వదినా, నిన్నటినుంచి ఏటీ తినలేదని మేనేజరుకి నువ్వు హిందీలో చెప్పావా?”

“నాను సెప్పనేదు. ఆడితో నాను ఒక్క మాట ఆడనేదు.”

ఖాళీ కడుపు మీద నీళ్లు తాగకండి దీదీ. నీళ్లు ఇవ్వడం మర్యాద. ఏడుస్తున్న మనిషిని చూస్తే ఎవరైనా ఇస్తారు. కడుపు ఖాళీ అని ఎలా తెలుసు? పచ్చి గంగ ముట్టలేదని ఆవిడ చెప్పింది నాతో, తెలుగులో. కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటూ ఆ మనిషి ప్రతి ముక్కా విన్నాడు. విని జాలిపడ్డాడు. ఆ జాలిలోనే నోరు జారాడు.

“క్యాంటీన్‌లో మీ ఆయనా స్మితా మాటాడుకున్నప్పుడు మేనేజరు ఎక్కడున్నాడు?”

రత్నం కళ్లు పెద్దవయ్యాయి. “మా పక్క బల్ల మీదే. రోజూ అక్కడే కూకుంటాడు. ఆడికి తెలుగు రాదు కదమ్మా! ఆడి ముందరే అన్నీ మాటాడీవోల్లం.”

మా వాళ్లు తప్ప ఈ తప్పు ఇంకెవరూ చెయ్యరు. ఈ ఊళ్లో తరాలుగా బస్సులో, బజారులో, బాసు మొహం మీదే తెలుగులో తిట్టుకుంటూ బతికేశాం. పక్కవాడికి రాదన్న ధీమా మాకు ఒంట్లో రక్తమైపోయింది. ఆ ధీమా చూసుకునే నేను మేనేజరు బల్ల ముందు నిలబడి ఫోనులో అన్నీ అప్పజెప్పాను. పిల్ల కళ్లు తెరిచింది. సాయంత్రానికి మాట్లాడుతుంది. మూడో అంతస్తు. కిటికీ పక్క మంచం. పోలీసులకి కూడా చెప్పకు. అంటే అక్కడ కాపలాకి కానిస్టేబులు కూడా ఉండడు.

అలాంటి తెలివితక్కువ పని నేను కాక ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పుతో కొట్టేదాన్ని.

“జేపీ బాబు ఎక్కడ?” అని అరిచాను.

గేటు దగ్గరి కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. “కారులో వెళ్లిపోయారు సార్. పాపం ఆ అమ్మాయిని చూడాలి, పళ్లు తీసుకెళ్తానన్నారు. మీరు మెట్లెక్కిన వెంటనే బయల్దేరారు.”

సౌరభ్‌కి నేనేమీ వివరించలేదు. “అతనికి తెలుగు వచ్చు. స్మితకి స్పృహ వచ్చింది. ఆ సంగతి అతని ముందే చెప్పాను,” అన్నాను. ఆయన ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. జీపు వైపు పరుగెడుతూనే ఆసుపత్రి దగ్గరి ఠాణాకి ఫోను కలిపాడు.

నేను పైడితల్లికి చేశాను. రింగవుతోంది. ఎత్తదు. మళ్లీ చేశాను. రత్నం నా భుజం పట్టుకుని నిలబడింది.

మూడోసారి ఎత్తింది. వెనకాల గ్లాసుల చప్పుడు, జనం మాటలు.

“పిన్నీ! పిల్ల దగ్గిర ఎవరున్నారు?”

“కంగారు పడకమ్మా, మనిసి ఉన్నాడు,” అంది ఆవిడ తేలికపడ్డ గొంతుతో. “దాని ఆపీసు నుంచి ఒకాయన వచ్చినాడు. పళ్లట్టుకొచ్చినాడు. ఎంత సక్కగా తెలుగు మాటాడతన్నాడో! ఏ ఊరు బావూ అంటే మాది టెక్కలి కాడ అన్నాడు. అమ్మా, నువ్వు రాత్రినుంచి ఏటీ తినుండవు, కిందకెల్లి టీ తాగిరా, పిల్ల కాడ నాను కూకుంటాను అన్నాడు.”

“స్మిత చూసిందా అతన్ని?”

“సూసింది తల్లీ. మాట రానేదు గానీ ఆయన్ని సూసి ఏటో సెప్పబోయింది. నా సెయ్యి గట్టిగా పట్టీసుకుంది, ఒగ్గనేదు. కళ్లంట నీళ్లు. ఆపీసోలు వచ్చినారని దానికి సంబరం గావాల. నానే ఏళ్లు ఇప్పుకుని వచ్చినాను.”

“పిన్నీ, గ్లాసు పారేసి పైకి పరిగెత్తు! అరుస్తూ పరిగెత్తు!”

గ్లాసు కింద పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఆవిడ గొంతు, అడుగులతోపాటు ఎగిరెగిరి పడుతూ.

“ఏటైనాదమ్మా? ఆయన మనోడే కదా?”